అంకమ్మ కాలు, చేపల బండి చిల్లు

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు మొదటి రోజే స్కానరు కావాలంటారు. ఇంజను కంప్యూటరుకు తగిలిస్తే తప్పెక్కడుందో తెర మీద చూపించే డబ్బా అది. అది చేతికొస్తే తాము పెద్దాసుపత్రి డాక్టర్లతో సమానమని వాళ్ల నమ్మకం. నేను నెల్లూరులో ఒక కార్ల సర్వీసు సెంటరులో కరెంటు పని చేసి రిటైరయ్యాను. వైర్లు, సెన్సార్లు, ఇంజను కంప్యూటర్లు తప్ప వేరే లోకం ఎరగను. పేరు డేవిడ్. అందరూ కరెంటు డేవిడ్ అంటారు. మా చర్చిలో మైకు కూయడం మొదలుపెడితే పాస్టరు గారు ప్రసంగం ఆపి దేవుడి వంక కాకుండా నా వంక చూస్తారు.

అనుభవాలు రాయమని ఇంట్లోవాళ్లు వెంటపడ్డారు. రోజంతా నా మాటలు వినలేక, ఆ గోలేదో కాగితానికి చెప్పుకోమని తోలేశారని నాకు తెలుసు. సరే, రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. అవి ఎలా వస్తాయో అందరికీ తెలుసు, రాస్తే ఇప్పటికీ పలకరించుకుంటున్న నలుగురూ పలకరించడం మానేస్తారు. ఒక సెన్సారు గురించి, ఒక చేపల బండి గురించి రాస్తాను. నా పని మొత్తం అందులోనే ఉంది.

మన గాలి సంగతి

మనుషులు అబద్ధం చెబుతారుగాని బండి చెప్పదని మా పాత మేస్త్రీలు అనేవాళ్లు. నేను ఒప్పుకోను. తడిసిన వైరు చెప్పినన్ని అబద్ధాలు ఎన్నికల్లో నిలబడ్డవాడు కూడా చెప్పడు. పొద్దున ఒక మాట, మధ్యాహ్నం ఒక మాట, మన ముందుకొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు ముఖం.

అందులోనూ మనది సముద్రపు గాలి. బండ్లు తయారుచేసే పెద్దమనుషులు వాటిని ఎండలో, మంచులో, కొండల మీద పరీక్షించామని గొప్పగా చెబుతారు. తోటపల్లి గూడూరు రొయ్యల గుంటల గట్టు మీద ఒక్క వానాకాలం తిప్పి చూశామని చెప్పినవాణ్ణి నేను చూడలేదు. గుంటలో దిగిన కాళ్లతోనే బండెక్కుతారు. తడి వలలు సీటు మీద వేస్తారు. ఇసకలో దిగబడితే సముద్రం నీళ్లు చల్లి కడుగుతారు. ఆ తర్వాత మా దగ్గరికొచ్చి, కొత్త బండి సార్, ఏమీ చేయలేదు సార్ అంటారు. ఇక్కడ కరెంటు పనివాడికి మొదటి శత్రువు ఉప్పు. రెండో శత్రువు 'ఏమీ చేయలేదు' అనే మాట.

గేర్‌బాక్సు పంపే కబురు

బండి ఎంత వేగంతో పోతోందో ఇంజనుకు తెలియదు. ఈ మాట చెబితే కొత్తవాళ్లు నవ్వుతారు. ఇంజను తిరగడం వేరు, బండి కదలడం వేరు. న్యూట్రల్‌లో పెట్టి ఊరంతా వినబడేలా రేజింగు చేసినా బండి అంగుళం కదలదు. కాబట్టి బండి కదులుతోందా, ఎంత వేగంగా అనే కబురు ఎవరో ఒకరు ఇంజను కంప్యూటరుకు చేరవేయాలి. ఆ పని స్పీడు సెన్సారుది.

గేర్‌బాక్సులోంచి చక్రాలకు పోయే ఇరుసు మీద పళ్లచక్రం ఒకటి తిరుగుతుంటుంది. దాని ఎదురుగా, బయటి నుంచి బిగించిన బొటనవేలంత ముక్కే సెన్సారు. దానిలో ఒక అయస్కాంతం, ఒక చిన్న చిప్పు ఉంటాయి. పన్ను ఎదురొచ్చినప్పుడు అయస్కాంతం బలం ఒకలా ఉంటుంది, పన్ను దాటి సందు వచ్చినప్పుడు ఇంకోలా ఉంటుంది. చిప్పు ఆ తేడా పట్టుకుని కరెంటును వేస్తూ తీస్తూ ఉంటుంది. మూడు వైర్లలో ఒకటి కరెంటు తెస్తుంది, ఒకటి ఎర్తు, మూడోది కబురు మోస్తుంది. ఆ మూడో వైరు మీద నడిచే మాటలు రెండే. ఉంది, లేదు. మళ్లీ ఉంది, లేదు. కంప్యూటరు చేసేదల్లా ఆ మాటలు ఎంత వేగంగా వస్తున్నాయో లెక్కపెట్టుకోవడం. గబగబా వస్తే బండి వేగంగా పోతోంది. నిదానంగా వస్తే నిదానంగా పోతోంది. రాకపోతే బండి ఆగింది.

ఈ చివరి ముక్క దగ్గరే మన జీతం పుడుతుంది. బండి ఆగినా కబురు రాదు, వైరు తెగినా రాదు, తడిసినా రాదు. కంప్యూటరుకు కాసేపటికి అనుమానం వస్తుంది, మీటరులో దీపం కూడా వెలిగిస్తుంది. కాని ఆ అనుమానం వచ్చేలోపే జరగాల్సింది జరిగిపోతుంది.

ఏం జరుగుతుందంటే, మీరు యాక్సిలరేటరు మీంచి కాలు తీసి స్పీడు బ్రేకరు దగ్గరికి వస్తున్నారనుకోండి. బండి ఇంకా దొర్లుతోంది. కబురు అందుతున్నంతసేపూ కంప్యూటరు ఇంజనుకు కాస్త గాలి, కాస్త పెట్రోలు ఎక్కువే ఇచ్చి నిలబెడుతుంది. కబురు మధ్యలో తెగితే, బండి ఆగిపోయిందిలే అనుకుని ఒక్కసారిగా తగ్గించేస్తుంది. హెడ్‌లైట్లో, రేడియేటరు ఫ్యానో నడుస్తుంటే ఆ తగ్గింపుకు ఇంజను తట్టుకోలేదు. ఒకసారి దగ్గి చచ్చిపోతుంది. చూసేవాళ్లకు మాత్రం డ్రైవరు క్లచ్చు సరిగ్గా వదల్లేదనే అనిపిస్తుంది. అన్ని బండ్లూ ఇంతే అనను. చాలా కొత్త కార్లలో ఈ కబురు చక్రాల దగ్గరి బ్రేకు సెన్సార్ల నుంచి వస్తుంది. నేను చెప్పేది గేర్‌బాక్సు మీదే సెన్సారుండే చిన్న సరుకుల బండ్ల గురించి, కొన్ని పాత కార్ల గురించి.

నాయుడుపేట పెద్దమనిషి

ఈ సెన్సారు విలువ మా ఇంజనీర్లకంటే ముందు ట్రావెల్సు డ్రైవర్లకు తెలిసింది. కిలోమీటర్ల లెక్క కూడా ఆ కబురుతోనే నడుస్తుంది కాబట్టి, సెన్సారుకు తగిలించిన వైర్ల పిన్ను పీకేస్తే కారు ఎంత తిరిగినా మీటరు ప్రకారం షెడ్డులోనే ఉంటుంది. నాయుడుపేట నుంచి వచ్చే ఒక డ్రైవరు ఈ కిటుకు నేర్చుకుని, ఓనరు ఊళ్లో లేని సమయం చూసి అత్తమామల్ని పుణ్యక్షేత్రాలు తిప్పుకొచ్చాడు. అయితే ప్రతి టోల్‌గేటు దగ్గరా కారు నిదానించగానే ఆగిపోయింది. వెనక సీట్లో మామగారు, అల్లుడికి డ్రైవింగు రాదని దారంతా అత్తగారికి చెబుతూ వచ్చాడట.

తిరిగి రాగానే మా సెంటరుకొచ్చి, మీ కంపెనీ కార్లన్నీ ఇంతేనని గంతులేశాడు. నేను కారు కిందికి దూరి, వేలాడుతున్న పిన్ను దాని చోట నొక్కి, లేచి చేతులు తుడుచుకున్నాను. అతను అటూ ఇటూ చూసి నా చెవి దగ్గరికొచ్చి, "అన్నా, నేను పీకలా, నువ్వు చూడలా" అన్నాడు. మా మేనేజరు రమణారెడ్డి గారు గాజు గదిలోంచి ఇదంతా చూసి నవ్వుకున్నారు. ఆ నవ్వు తర్వాత పనికొచ్చింది కాబట్టే ఈ కథ చెప్పాను.

మా రెడ్డి సారు

రమణారెడ్డి గారు రోజూ ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో వచ్చేవారు. అదే మడతతో ఇంటికి పోయేవారు. కారు కింద ఆయన కాలు తప్ప మరే అవయవమూ ఎవరూ చూడలేదు. కస్టమరు చెప్పేది సగం వినగానే తీర్పు వచ్చేసేది. ఆయనకు బాగా ఇష్టమైన జబ్బు పేరు 'డ్రైవింగ్ ఫాల్టు'. దానికి మందు అక్కర్లేదు, విడిభాగం అక్కర్లేదు, మా తప్పు అసలే ఉండదు. అంత సౌకర్యమైన జబ్బు వైద్యశాస్త్రంలో కూడా లేదు.

అలాగని ఆయన చెడ్డమనిషి కాడు. పై ఆఫీసు వాళ్లు మా మీదికి వస్తే ముందు నిలబడేవారు. తన తీర్పు తప్పని ఎవరైనా అంటే అరిచేవారు, కాని తేల్చుకోవడానికి వెనకాడేవారు కాదు. నేను చాలామంది పైవాళ్ల కింద పనిచేశాను. వాళ్లలో అరవకుండా నవ్వుతూ తప్పించుకునేవాళ్లే ఎక్కువ. వాళ్లకంటే అరిచే రెడ్డి సారు నయమని ఇప్పటికీ అంటాను.

అంకమ్మ వచ్చింది

మైపాడు అవతల సముద్రం ఒడ్డున జాలర్ల చిన్న పాళెం ఒకటి ఉంది. అంకమ్మది ఆ ఊరు. మొగుడు పడవ మీద పోతాడు. ఆమె పడవల మీద వచ్చిన చేపను నెల్లూరు మార్కెట్టుకు చేరుస్తుంది. ముందు బుట్ట నెత్తిన పెట్టుకుని బస్సెక్కేది. చేపల బుట్ట చూసి కండక్టర్లు విరిచే ముక్కులు భరించలేక డ్రైవింగు నేర్చుకుని చిన్న సరుకుల బండి కొన్నది. పాళెంలో బండి తోలే ఆడమనిషి ఆమె ఒక్కతే.

ఆ పాళెంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి చేప వాళ్లు పంపుకుంటే మార్కెట్టులో ఒకరి ధర ఒకరు చెడగొట్టుకుంటారని, పడవలన్నిటి చేపా ఒకే బండికి ఎక్కిస్తారు. ఏ బండికో పెద్దకాపు చెబుతాడు. ఊళ్లో తగవులు తీర్చే పెద్దాయన అతనే. ఆయన చెప్పిన బండికి రోజూ పని, చెప్పని బండికి ఏ పనీ ఉండదు. అప్పటికి ఆ మాట అంకమ్మ బండికి ఉంది. పెద్దకాపు మేనల్లుడు శీను అప్పుడే కొత్త బండి కొని, దండ కూడా తీయకుండా ఇంటి ముందు సిద్ధంగా నిలబెట్టుకున్నాడు.

మొదటిసారి మా దగ్గరికి వచ్చినప్పుడు అంకమ్మ చెప్పింది రెండే మాటలు. "మెల్లంగా చేసేకొద్దీ ఆగిపోతా ఉండాది సార్. ఆగే ముందర మీటర్లో ఆ స్పీడు ముల్లు కిందికి పడిపోతాది."

రెడ్డి సారు ముల్లు చూస్తూ తోలితే బండి ఆగక ఏం చేస్తుందమ్మా, రోడ్డు చూడు అన్నారు. ఖాళీ బండి తీసుకుని ఆయనే వీధి చివరిదాకా పోయొచ్చారు. ఒక్కసారి కూడా ఆగలేదు. డ్రైవింగ్ ఫాల్టు అని తీర్పు చెప్పి, క్లచ్చు ఎలా వదలాలో ఆమెకు పాఠం కూడా చెప్పారు. ఆమె తలూపి వెళ్లిపోయింది.

మళ్లీ వచ్చినప్పుడు స్కానరు పెట్టాం. వేగం కబురు మధ్యలో తెగుతోందని చెప్పింది. సెన్సారు మార్చాం. కొన్నాళ్లు బాగా నడిచి మళ్లీ ఆగింది. ఈసారి పిన్ను విప్పితే లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది. శుభ్రం చేసి గ్రీజు పెట్టాం. మళ్లీ కొన్నాళ్లకు అదే కథ. ఎందుకు చిలుము పడుతోందని అడగాల్సిన మేము, సముద్రపు గాలి కదా అని ఒకరికొకరం చెప్పుకుని టీ తాగాం.

ఈలోగా పాళెంలో వైద్యం వేరే దారిలో నడిచింది. బండికి నిమ్మకాయలు కట్టారు, గుమ్మడికాయ కొట్టారు. ఆమెది మా మతం కాకపోయినా, ఏ దేవుడైతేనేం ఇంజను ఆగకుంటే చాలని పక్క వీధి పాస్టరును కూడా పిలిచింది. ఆ బండి ఇంజను సీటు కింద ఉంటుందని ఆయనకు తెలియదు. హెడ్‌లైటు మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించాడు. ఆ హెడ్‌లైటు మాత్రం ఇప్పటికీ మాడిపోలేదని చెబుతారు.

వీటన్నిటికంటే చవకైన రోగనిర్ణయం ఒకటి మగవాళ్ల దగ్గర ఉంది. చేప వెంబడి మార్కెట్టుకు వాళ్లు మోటారుసైకిళ్ల మీద వస్తారు. బండి ఆగినప్పుడల్లా పక్క నుంచి పోతూ ఆడదాని కాలు, అంతే అనేవాళ్లు. మా సారు ఇంగ్లీషులో చెప్పింది వాళ్లు తెలుగులో చెప్పారు. బండి ఒకసారి ఆగితే చేప ఆలస్యం, ఆలస్యమైతే మార్కెట్టులో మంచి కొనుగోలుదారు వెళ్లిపోతాడు. నష్టం పాళెం అందరిదీ.

అంకమ్మ ఆ తర్వాత వచ్చినప్పుడు బండి దిగలేదు. స్టీరింగు పట్టుకునే కూర్చుని, "ఈ తూరి ఆగితే చేప శీను బండికి ఎక్కిస్తానన్నాడన్నా పెద్దకాపు" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

వెనక కూర్చుంటే కనబడింది

ఇంజను కంప్యూటరే మార్చి చూద్దామన్నారు సారు. ఏమీ తోచనప్పుడు అన్నిటికంటే ఖరీదైన ముక్క మార్చడం మా వృత్తిలో పెద్ద జాడ్యం. నేను ఒకటే అడిగాను. ఖాళీ బండి ఎప్పుడూ ఆగలేదు, చేపలున్న బండే ఆగుతోంది, చేపలున్నప్పుడు మనం ఒక్కసారి కూడా ఎక్కలేదు కదా సార్ అని. ఆయన కాస్త అరిచి, సరే నేనూ వస్తాను, ఆమె కాలు ఏం చేస్తోందో దగ్గరుండి చూస్తానన్నారు.

పొద్దున్నే పాళెం వెళ్లాం. ముందు సీట్లు రెండే. ఒకదాంట్లో అంకమ్మ, రెండోదాంట్లో తెల్లచొక్కా. నేను వెనక ఐసు పెట్టెల మధ్య ఒక జెల్ల చేపల బుట్ట మీద కూర్చున్నాను. ఆ వాసన మా ఇంటావిడ ఆదివారం చర్చి దాకా గుర్తుపెట్టుకుంది.

ముందు కూర్చున్నాయన ఆమె కాలు చూస్తున్నారు. వెనక కూర్చున్న నాకు చూడటానికి నీళ్లు తప్ప ఏమీ లేవు. ఐసు కరిగి, చేపల ఉప్పునీళ్లతో కలిసి, తొట్టిలో అటూ ఇటూ ఆడుతున్నాయి. బ్రేకు వేసినప్పుడల్లా ఆ నీళ్లన్నీ ముందుకు ఉరికి, తొట్టి ముందు అంచున ఉన్న ఒక చిల్లులోకి గుడగుడమని దిగిపోతున్నాయి. ఇంజను సీటు కింద ఉంటే గేర్‌బాక్సు ఎక్కడుంటుందో నాకు తెలుసు. సరిగ్గా ఆ చిల్లు కింద.

దారిలో ఒక ఊరి స్పీడు బ్రేకరు దగ్గర, అంకమ్మ సారు చెప్పిన పాఠం ప్రకారమే కాళ్లు పెట్టి నిదానించగానే బండి ఆగింది. సారు క్లచ్చు అన్నారు. అంకమ్మ తలుపు తీసుకుని దిగి, "మీరే తోలండి సార్" అంది. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, కూర్చుని తోలారు. నెల్లూరు మొదట్లో ఉండే మైపాడు గేటు దగ్గర ఆటోలు అడ్డమొస్తే నిదానించారు, నీళ్లు ముందుకు ఉరికాయి, ఇంజను దగ్గి ఆగింది. మళ్లీ స్టార్టు చేశారు, మార్కెట్టు మలుపులో మళ్లీ ఆగింది. వెనక నుంచి ఒక ఆటో అతను తల బయటపెట్టి ఎంతో ప్రేమగా, "కొత్తగా నేర్చుకుంటా ఉండారా సార్?" అని అడిగాడు. మా సారు ముఖం మీద వచ్చిన రంగును ఏ స్కానరూ చూపించలేదు.

చేప దించాక బండి కిందికి దూరాను. చిల్లులోంచి బొట్లు బొట్లుగా పడే ఉప్పునీళ్లు సూటిగా సెన్సారు పిన్ను నెత్తిన పడుతున్నాయి. నీళ్లు పడిన క్షణం కబురు తెగుతోంది, ఆరాక మళ్లీ నడుస్తోంది. మా దగ్గరికి వచ్చేది ఎప్పుడూ దించేసిన ఖాళీ బండి కాబట్టి మాకు ఎప్పుడూ మంచి ముఖమే చూపించింది.

చేపల బండ్లకు చిల్లు ప్రతివాడూ వేయిస్తాడు. ఐసు నీళ్లు పోవాలి, కంపెనీవాళ్లు దారి పెట్టరు. కాని అందరూ వెనక అంచున వేయిస్తారు. ఇది ముందు ఎందుకుందని అడిగాను.

అంకమ్మ చెప్పింది. "ముందు ఎనకాలే ఉండె అన్నా. ఎనక మోటారుసైకిళ్లలో వచ్చేవాళ్ల చొక్కాల మీద పడతా ఉండె. పాపం మార్కెట్టుకి పోయేవాళ్లు కదా అని, అది మూయించి ముందరికి పెట్టించినా."

ఆ మోటారుసైకిళ్ల వాళ్లెవరో చదివేవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆమె వాళ్ల చొక్కాలు కాపాడింది, వాళ్లు ఆమె కాలికి పేరు పెట్టారు. నాకు నవ్వొచ్చింది, కాసేపటికి చాలా కోపం వచ్చింది.

బాగుచేయాల్సింది ఇంకొకటి

పని చిన్నది. చిల్లుకు కింద ఒక గొట్టం అతికించి, నీళ్లు గేర్‌బాక్సు దాటి నేల మీద పడేలా రబ్బరు పైపు తగిలించాం. కొత్త సెన్సారు, కొత్త పిన్ను, దాని మీద తడి తగలకుండా తొడుగు. తొట్టిలో బకెట్లతో నీళ్లు పోసి, బ్రేకులు వేస్తూ వీధంతా తిప్పాం. ఆగలేదు. సారు చేతులు దులుపుకున్నారు. మా లెక్కలో కేసు ముగిసింది.

అంకమ్మ తాళాలు తీసుకోలేదు. "బండి బాగైంది సార్. నా కాలు బాగుందని ఎవురు చెప్తారు?"

ఆమె అన్నది నిజం. రేపటి నుంచి బండి ఆగకపోతే, ఇన్నాళ్లకు నేర్చుకుంది అంటారు. ఎప్పుడైనా పెట్రోలు అయిపోయి ఆగినా కాలి మీదికే వస్తారు. చేప ఎక్కించే మాట శీను వైపు ఒరిగే ఉంది, దాన్ని తోయడానికి ఒక్క వేలు చాలు. ఈ చిక్కుకు మా సెంటరులో విడిభాగం లేదు.

అప్పుడు రెడ్డి సారు నెమ్మదిగా నవ్వారు. నాయుడుపేట డ్రైవరును చూసి గాజు గదిలో నవ్విన నవ్వే అది. రేపు పొద్దున పాళెంలో కలుద్దామన్నారు. పనివాడి చెయ్యికంటే పైవాడి బుర్ర పనికొచ్చిన సందర్భాలు నా ఉద్యోగంలో కొద్దిగానే ఉన్నాయి. ఇది వాటిలో ఒకటి కాబట్టి దాచకుండా రాస్తున్నాను.

మర్నాడు పడవలొచ్చాయి, చేప ఎక్కించారు. సారు పెద్దకాపుకు నమస్కారం పెట్టి, దాపరికం లేకుండా చెప్పారు. ఈ బండికి ఒక జబ్బు ఉండేది, నిన్న బాగుచేశాం, ఇప్పుడు ఒక పిన్ను పీకి ఆ జబ్బు మళ్లీ తెప్పిస్తున్నాం, కాలు బాగున్నవాళ్లు ఎవరైనా ఆ స్పీడు బ్రేకరు దాకా తోలి చూపించండి అని. నేను ఇసకలో పడుకుని పిన్ను పీకాను.

శీను కాలరు సర్దుకుని ఎక్కాడు. ఊరి చివర స్పీడు బ్రేకరు దగ్గర నిదానించగానే బండి గుటుక్కుమంది. మళ్లీ స్టార్టు చేసి బ్రేకరు దాటాడు, అవతల వలలు ఆరేసే మలుపులో మళ్లీ ఆగింది, అక్కడి నుంచి వెనక్కి తిప్పుకొచ్చాడు. ఇంతకాలం లారీ తోలానని చెప్పుకునే పెద్దమనిషి ఒకాయన శీనును దిగమని తనెక్కాడు. ఆయనకూ బ్రేకరు దగ్గరే ఆగింది. వెనక్కి తెచ్చి, బండి బాగాలేదని దిగుతూ అన్నాడు. అంతమందిలో ఆ మాట మొదటిసారి వినబడింది. మోటారుసైకిళ్ల వాళ్లు ఎందుకో తమ బండ్ల అద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టారు. శీను ఇంకోసారి చూస్తానని మళ్లీ సీట్లో కూర్చున్నాడు.

పెద్దకాపు అంకమ్మ వైపు తిరిగి, "ఈ బండినా మేయ్ నువ్వు దినామూ టవునుకి తీసకపోయింది?" అన్నాడు.

"ఆగిన దినాలు మీరు చూసినారు మామా. ఆగకుండా పోయిన దినాలు ఎవురు చూసినారు?" అంది అంకమ్మ. బండి దగ్గరికి పోయి తలుపు తీసింది. "దిగు శీనూ, ఐసు కరగతా ఉండాది."

ఎక్కి స్టార్టు చేసింది. పిన్ను ఇంకా పెట్టలేదని నేను అరుస్తూనే ఉన్నాను. బండి బ్రేకరు దగ్గరికి పోయి నిదానించింది. తెరిచి ఉన్న తలుపులోంచి ఆమె పాదం కనబడింది. మడమ బ్రేకు మీద ఉంది, వేళ్లు పక్కకు వాలి యాక్సిలరేటరును కొద్దిగా నొక్కి పట్టాయి. ఇంజనుకు అందని కబురును ఆ పాదం అందిస్తోంది. బండి బ్రేకరెక్కి దిగింది. వలల మలుపు తిరిగింది. తలుపు వేసుకున్న చప్పుడు వినబడింది. నెల్లూరు దారి పట్టి పోయింది.

తిరిగి నెల్లూరు పోవడానికి మేం నమ్ముకున్న బండి కూడా అదే. సారూ నేనూ బస్సుకోసం నిలబడ్డాం. పెద్దకాపు మా పక్కనే నిలబడి దుమ్ము అణిగేదాకా ఆ దారి వంకే చూశాడు. తర్వాత శీనును పిలిచి, చేప ఆమె బండికే పోతాదని, నువ్వు ఇంటికిపోయి ఆ దండ తీసేయమని చెప్పాడు.

బస్సులో మా పక్కన ఒకామె చేపల బుట్ట పెట్టింది. సారు ముక్కు విరవలేదు, కాస్త జరిగి చోటిచ్చారు. చాలా దూరం పోయాక నా వైపు తిరక్కుండానే అడిగారు.

"డేవిడ్, ముల్లు పడిపోతుందని ఆమె మొదటి రోజే చెప్పింది కదా?"

"చెప్పింది సార్."

"నేనేమన్నాను?"

"రోడ్డు చూడమన్నారు సార్."

మైపాడు గేటు దగ్గర బస్సు దిగాం. మధ్యాహ్నం మార్కెట్టు ముగించుకుని అంకమ్మ బండి మా సెంటరుకు వచ్చింది. నేను పరికరాలు తీసుకుని లేచేలోపే ఎవరో బండి కిందికి దూరి పిన్ను పెట్టేశారు. బయటికొచ్చాక చూస్తే ఆ చొక్కా మీద తెలుపు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆయన చేతులు తుడుచుకుంటూ బండిలోకి వంగి, "ఇంకా ఏమేం గమనించావో చెప్పమ్మా" అని అడిగారు.